సున్నా ఏ మూల?

బడిలో ఆమెకు రెండు పేర్లున్నాయి. ఎదురుగా ఉన్నప్పుడు లెక్కల టీచర్, వినబడనంత దూరం వెళ్ళాక దెయ్యాల టీచర్. రెండో పేరు పెట్టింది ఏడో తరగతి బి సెక్షన్ పిల్లలే అయినా, దాన్ని నోరారా వాడుకున్నది మాత్రం స్టాఫ్ రూమ్. పిల్లలు ముద్దుగా పెట్టిన పేరు పెద్దవాళ్ళ నోట్లో పడితే ఎంత పుల్లగా తయారవుతుందో ఆమెకు బాగా తెలుసు.

దెయ్యం నిజంగానే ఉంది. కంప్యూటర్ గదిలో, తెరమీద. పదంతస్తుల మేడ, అంతస్తుకు పది గదులు. మేడకు పైన, ఎడమ మూలన ఒక పిరికి దెయ్యం నిలబడి ఉంటుంది. దానికి వెలుతురంటే చచ్చేంత భయం. కాపలావాడి టార్చిలైటు వచ్చేలోపు దాన్ని ఒక చీకటి గదిలోకి పంపాలి. మీటలు నొక్కితే అది కదలదు, పిల్లలే ప్రోగ్రామ్ రాయాలి. ఎక్స్ మూడు, వై నాలుగు అని రాస్తే మూడు గదులు కుడికి, నాలుగంతస్తులు కిందికి పోయి దాక్కుంటుంది. ఒక్క అంకె తప్పినా టార్చి వెలుగులో పడి కెవ్వుమంటుంది. ఆ కెవ్వు కేక వినడానికి కావాలని తప్పు రాసే ఘనులు కూడా ఉన్నారనుకోండి. వాళ్ళు కూడా తప్పు ఎలా రాయాలో లెక్క కట్టుకునే రాసేవారు.

ఆమెకిప్పుడు నలభై ఒకటి. ఇలాంటి టీచరుకు చిన్నప్పుడు లెక్కలు కొట్టిన పిండి అనుకుంటారు గానీ, లెక్కల పీరియడ్ అంటే ఆమెకు కడుపునొప్పి వచ్చేది. నటన కాదు, నిజం నొప్పి. ఒక సెలవుల్లో మేనమామ అరచేతిలో పట్టే గేమ్ పెట్టె ఒకటి తెచ్చిచ్చాడు. పైనుంచి ఇటుకలు రాలుతుంటే వాటిని తిప్పి వరసలో పేర్చాలి. నెల తిరిగేసరికి ఇంట్లో ఆమెను ఓడించేవాళ్ళు లేకపోయారు. "ఎన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయో, ఎన్నిసార్లు తిప్పాలో చూడకుండానే చెప్పేస్తున్నావు, నీకు లెక్కలు రావని ఎవరన్నారే?" అన్నాడు మేనమామ. ఆ మాట ఆమె బతుకును పట్టుకుని ఇంత దూరం లాక్కొచ్చింది.

పదిహేనేళ్ళు అందరిలాగే పుస్తకం పట్టుకుని చెప్పింది. ఏటా తరగతిలో సగంమంది ముఖాల మీద తన పాత కడుపునొప్పి కనిపించేది. బడి పక్క వీధిలో ఒక బ్యాంకు తన బ్రాంచి ఎత్తేస్తూ ఎనిమిది పాత కంప్యూటర్లు బడికి ఇచ్చేసింది. అవి మూడేళ్ళు విరిగిన బల్లల పక్కన దుమ్ము తిన్నాయి. భర్త టైలరు. అతని కుట్టుమిషను స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి, రెండింటి భాగాలు పీకి మిగతావాటికి పెట్టి, ఆరింటిని బతికించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, భర్త దుకాణంలో ఇస్త్రీ బల్ల మీద కూర్చుని, వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకుంది. కోడలు ఈ వయసులో గేములాడుతోందని అత్తగారు వీధంతా చెప్పుకున్నారు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఆవిడే దెయ్యాన్ని ఏడో అంతస్తు దాకా దింపారు, ఆ సంగతి మాత్రం వీధిలో ఎవరికీ చెప్పలేదు.

పిల్లల్ని బడికి పంపితే వీడియో గేములు ఆడిస్తున్నారని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడానికి ఎక్కువ కాలం పట్టలేదు. హెడ్మాస్టర్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఫిర్యాదంటే ఆయనకు తలనొప్పి, తలనొప్పి ఎటు తగ్గితే అటే ఆయన న్యాయం. "చూడమ్మా, అర్ధసంవత్సర పరీక్షలో మీ బి సెక్షన్ సగటు ఎ సెక్షన్‌కి తగ్గకుండా వస్తే ఆ గది మీదే. తగ్గితే తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయండి. మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు," అన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఎ సెక్షన్‌కి చెప్పేది స్కేలు మాస్టారని తెలిసి కూడా ఒప్పుకుంది.

స్కేలు మాస్టారంటే ముప్ఫై ఏళ్ళ సర్వీసు. చేతిలో అడుగు పొడవు చెక్క స్కేలు. దాంతో ఎవరినీ కొట్టగా చూసినవాళ్ళు లేరు, కానీ ఆ స్కేలు బల్లకు తగిలితే వరండా చివరున్న తరగతి కూడా గప్‌చుప్. ఆయన ప్రశ్నపత్రంలో అచ్చుతప్పు దొరకడం ఆ బడి చరిత్రలో లేదు. గేములతో లెక్కలేమిటన్నది ఆయన అభిప్రాయం. దాన్ని ఆమె ముఖం మీదే చెప్పాడు, వెనకాల మాత్రం ఎప్పుడూ అనలేదు. దెయ్యాల టీచర్ అనే పేరు ఆయన నోట ఎవరూ వినలేదు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి సెక్షన్ పేపర్లు వాళ్ళు దిద్దకూడదు. బుధవారం లెక్కల పరీక్ష అయింది, గురువారం సాయంత్రం బడి వదిలాక స్టాఫ్ రూమ్‌లో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఆమె ముందు ఎ సెక్షన్ కట్ట, ఆయన ముందు బి సెక్షన్ కట్ట. మధ్యలో ఎర్ర సిరా సీసా. తన పిల్లల పేపర్లు ఇంకొకరి చేతిలో నలుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో టీచర్లకే తెలుస్తుంది. ఆయన పెన్ను టిక్కు కొట్టినప్పుడు ఒక చప్పుడు, ఇంటూ కొట్టినప్పుడు రెండు చప్పుళ్ళు. ఆమె తల ఎత్తకుండా చెవులతోనే లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. బాగానే ఉంది. బాగుండడమేమిటి, చాలా బాగుంది.

అప్పుడు ఆయన పెన్ను ఆగింది.

ఒక పేపరు పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు, అదీ పక్కన పెట్టాడు. తర్వాత కట్టంతా ముందుకు లాక్కుని, ఒక్కో పేపర్లో చివరి పేజీ మాత్రమే తిప్పుతూ పోయాడు. ఆమె చేతిలో పెన్ను కాగితం మీద ఒకేచోట నిలబడి చుక్క పెద్దదవుతోంది.

"ఏమైంది మాస్టారూ?"

"మీరే చూడండి."

అయిదు మార్కుల ప్రశ్న. (1,1), (5,1), (5,4), (3,6), (1,4) బిందువులను గ్రాఫ్ కాగితం మీద గుర్తించి, వరసగా కలిపి, ఏ బొమ్మ వచ్చిందో రాయాలి. వచ్చే బొమ్మ ఇల్లు. గోడలు, పైన కప్పు. ఎ సెక్షన్ పేపర్లలో ఆమె అప్పటికే పదహారు ఇళ్ళకు టిక్కు పెట్టింది. బి సెక్షన్‌లో ముప్ఫైనాలుగు మందీ ఆ ఇంటిని తలకిందులుగా కట్టారు. కాగితం పై అంచునుంచి కిందికి అంకెలు వేసుకుంటూ వచ్చి, కప్పును నేలవైపు దించేశారు. పోనీ ఒకడైనా నిటారుగా వేశాడా అంటే లేదు.

"ముప్ఫైనాలుగు మంది ఒకే తప్పు చేస్తే దాన్ని తప్పంటారా అమ్మా? కాపీ అంటారు," అన్నాడు స్కేలు మాస్టారు. గొంతులో కోపం లేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది.

ఆమెకు మాత్రం ఆ ఇళ్ళలో ఇళ్ళు కనబడలేదు. మేడమీంచి కిందికి దిగుతున్న దెయ్యం కనబడింది. మనం కాగితం మీద రాసినట్టే కంప్యూటర్ కూడా తెరను పైనుంచి కిందికి నింపుతుంది, అందుకే దానికి సున్నా పై మూలన ఉంటుంది. పుస్తకంలో గ్రాఫుకు సున్నా కింద ఉంటుంది, అంకెలు పైకి ఎక్కుతాయి. ఈ తేడా ఆమెకు తెలియనిది కాదు. చెప్పాలని కూడా అనుకుంది. కానీ ఆ పాఠం వచ్చేసరికి పిల్లలు అప్పటికే దెయ్యాన్ని వంద గదుల్లో ఎక్కడికైనా పంపేస్తున్నారు. పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీ దగ్గరికొచ్చినప్పుడు "ఇది మనకొచ్చేసిందిగా" అని నవ్వుతూ తిప్పేసింది. తన చేత్తోనే తిప్పింది ఆ పేజీ.

హెడ్మాస్టర్‌ని పిలిచారు. ఆయన వచ్చి, తలకిందుల ఇళ్ళు నాలుగు చూసి, కణతలు నొక్కుకున్నాడు. మిగతా పేపర్లు కూడా దిద్దించి సగటులు అడిగాడు. స్కేలు మాస్టారు కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. యాభై మార్కులకు ఎ సెక్షన్ సగటు ముప్ఫై ఒకటి, బి సెక్షన్ ఇరవై తొమ్మిది. ఈ ఒక్క ప్రశ్న తీసేస్తే ఎ సెక్షన్ ఇరవై ఏడు, బి సెక్షన్ ఇరవై తొమ్మిదే.

"కాపీ జరిగిందని తేలితే నియమం ఏముంది?" హెడ్మాస్టర్ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఆ ప్రశ్న రెండు సెక్షన్లకీ రద్దు. పిల్లల ఇళ్ళకు ఉత్తరం, నడవడిక రిజిస్టర్‌లో ఒక లైను. అంతే. అప్పుడు మీ సగటే ఎక్కువ కదమ్మా. గది మీకే ఉంటుంది."

ఆయన కుట్రలు చేసే మనిషి కాదు, తలనొప్పి తగ్గే దారి చూపిస్తున్నాడంతే. చేయాల్సిందల్లా నోరు మెదపకుండా కూర్చోవడం. ఆరు కంప్యూటర్లు, ఆ దెయ్యం, కడుపునొప్పి మానేసిన ముఖాలు, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. రిజిస్టర్‌లో ఒక లైను. దాన్ని మళ్ళీ ఎవరు చదువుతారు? చదువుతారు. ఆ పిల్లలు చదువుతారు, రిజిస్టర్ తెరవకుండానే చదువుతారు. తాము చూడని పేపర్ని చూశామని ముప్ఫైనాలుగు ఇళ్ళలో తన్నులు తింటారు. అలా అనుకోగానే, ఒక్క క్షణమైనా ఆ గది కోసం ఆశపడినందుకు ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"కాపీ కాదు సార్. తప్పు నాది," అంది. దెయ్యం సంగతీ, తిప్పేసిన పేజీ సంగతీ చెప్పింది.

స్కేలు మాస్టారు చివరిదాకా విన్నాడు. "పిల్లల్ని కాపాడుకోవాలని చూస్తున్నారు. నేనైనా అదే చేస్తాను. కానీ ఒక్కడు కూడా పుస్తకంలో చూసినట్టు వేయలేదంటే నమ్మబుద్ధి కావడం లేదు."

"బొమ్మకి పేరేం రాశారో చూడండి మాస్టారూ. ఒకడు డాలు అన్నాడు, ఒకడు జేబు అన్నాడు, ఒకమ్మాయి ఇల్లు పడిపోయింది అని రాసింది. కాపీ కొడితే పేరూ కొట్టేవాళ్ళు కదా."

"మాటలు మార్చి రాయడం కాపీ కొట్టేవాడు మొట్టమొదట నేర్చుకునే విద్యమ్మా."

ఇద్దరి మధ్యా నలిగిపోయిన హెడ్మాస్టర్ చివరికి తేల్చాడు. రేపు ఉదయం మొదటి పీరియడ్ నుంచి లైబ్రరీ గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఇంకో గ్రాఫు వేయించాలి. ప్రశ్న స్కేలు మాస్టారిది. మళ్ళీ తలకిందులుగానే వేస్తే టీచర్ చెప్పింది నిజం. సరిగ్గా వేస్తే బుధవారం నాడు కాపీ జరిగినట్టే. ఈలోపు ఆమె పిల్లలతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

తలకిందులుగా వేస్తే గది పోతుంది. నిటారుగా వేస్తే పిల్లల పరువు పోతుంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె ఆ రెంటినీ మార్చి మార్చి తూచుకుంటూనే ఉంది, తూకం ప్రతిసారీ పిల్లల వైపే మొగ్గింది.

ఇంటి ముందుగదే భర్త దుకాణం. అతను మెడలో టేపు వేసుకుని గుడ్డమీద సుద్దతో గీస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే జరిగిందంతా చెప్పేసి, చేతి సంచిలోంచి కాగితం తీసి తలకిందుల ఇల్లు గీసి చూపించింది.

"ఇది ఇల్లేంటి? చొక్కా జేబు," అన్నాడు అతను.

"ఆటలాడకండి. నా ప్రాణం పోతోంది."

"ఆటేముంది ఇందులో? మేం ఎప్పుడూ పైనుంచి కిందికే కొలుస్తాం. భుజం దగ్గర సున్నా. నువ్వు కింది అంచునుంచి కొలిచి కుట్టమంటే ఆ చొక్కా ఎవడికీ పట్టదు. మీ పిల్లలు తప్పు కొలవలేదోయ్. సున్నా వేరేచోట పెట్టారు, అంతే."

అత్తగారు లోపలినుంచి ఉల్లిపాయ తరుగుతూ, "నేను అప్పుడే అన్నాను, దెయ్యంతో పెట్టుకోవద్దని," అన్నారు. తర్వాత తరగడం ఆపి, "ఆ పిల్లల్ని దొంగలంటే మాత్రం నేనే వస్తా బడికి," అని కూడా అన్నారు.

ఏడు గంటలకు తల్లిదండ్రుల గ్రూపులో ఫోను మోగడం మొదలైంది. రేపు ప్రత్యేక పరీక్ష ఉందని బడినుంచి అందరికీ సందేశం వెళ్ళింది. ఏం చదవాలి టీచర్ అని ఒక తల్లి. మా వాడికి భయంగా ఉంది టీచర్ అని ఇంకో తండ్రి. చీమ వాళ్ళమ్మ మాత్రం, మా అమ్మాయి బుధవారం నుంచి సరిగ్గా తినడం లేదు, ఏదో తప్పు రాశానేమో అంటోంది, కాస్త ధైర్యం చెప్పండి అని రాసింది.

చీమ అంటే ఆ తరగతిలో అందరికంటే చిన్నపిల్ల. అంకెలు చీమల్లా రాస్తుంది కాబట్టి ఆ పేరు. ఏడాది మొదట్లో లెక్కల పీరియడ్ గంట కొట్టగానే కడుపు పట్టుకుని బల్లకింద కూర్చునేది. దెయ్యం వచ్చాకే ఆ పిల్ల బల్లపైకి వచ్చింది. టీచర్ బొటనవేలు అక్షరాల మీద ఆడింది. ఏం కాదమ్మా, నీ తప్పు లేదు అని రాసింది. చెరిపేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపేసి, ఫోను తీసుకెళ్ళి భర్త చేతికిచ్చి, "రేపు మధ్యాహ్నం దాకా ఇది మీ దగ్గరే ఉంచండి, నేనడిగినా ఇవ్వొద్దు," అంది.

శుక్రవారం ఉదయం లైబ్రరీ ముందు వరండాలో ఒక బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టారు. పక్కన డ్రిల్లు మాస్టారు, పిల్లలతో మాట్లాడకుండా కాపలా. పిల్లలు ఒక్కొక్కరే ఈ తలుపులోంచి లోపలికి వెళ్ళి, అటు తలుపులోంచి బయటికి పోవాలి. వెళ్ళే ప్రతి పిల్లా ఆమె ముఖంలోకి చూసి వెళ్ళింది. ఆమె నేల చూసింది. రోజూ నవ్వే టీచర్ నేల చూస్తుంటే పిల్లలు ఏమనుకుంటారో ఊహించుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

తలుపుకున్న గాజుపలకలోంచి లోపల బల్ల మీది చేతులు మాత్రం కనబడుతున్నాయి. ప్రశ్న ఏమిటో డ్రిల్లు మాస్టారు చెప్పాడు, అది రహస్యమని ఆయనకెవరూ చెప్పలేదు మరి. (1,1), (7,1), (4,6). మూడు చుక్కలు కలిపితే కొండ. సరిగ్గా వేస్తే నిలబడుతుంది, దెయ్యం లెక్కన వేస్తే వేలాడుతుంది.

మొదటి పిల్లవాడి పెన్సిలు కాగితం పై అంచుకు వెళ్ళింది. అక్కడినుంచి అంకెలు కిందికి దిగాయి. ఆమె ఊపిరి వదిలింది. రెండోది, పై అంచు. మూడోది, పై అంచు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారి తన పిల్లలు తప్పు చేయాలని మనసారా కోరుకుంటోంది. ఎంత దిక్కుమాలిన కోరికో తెలుసు, అయినా కోరుకుంటోంది. చెయ్యండి నాన్నా, అలాగే దించండి, ఇంకా కిందికి.

తొమ్మిదోవాడి పెన్సిలు కాగితం కింది అంచు దగ్గర ఆగి, అక్కడినుంచి పైకి ఎక్కింది. లోపల స్కేలు బల్లకు తగిలిన చప్పుడు.

"ఎవరు చెప్పారు పైకి వేయమని?" స్కేలు మాస్టారి గొంతు.

"మా పెద్దనాన్న కొడుకు సార్. ఎ సెక్షన్. నిన్న ఇద్దరం మళ్ళీ వేసి చూసుకుంటే నాది తిరగబడిందన్నాడు."

"బుధవారం నాడు ఎవరిది చూసి వేశావు?"

"ఎవరిదీ చూడలేదు సార్. దెయ్యం అలాగే పోతుంది కదా."

తర్వాత, "నీకు టీచర్ ఏమైనా ఫోన్ చేశారా?" అన్న ప్రశ్న వినబడింది. బయట డ్రిల్లు మాస్టారు ఇబ్బందిగా దగ్గాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ పళ్ళు బిగించి కూర్చుంది. లేదు సార్ అని పిల్లవాడు మెల్లగా అన్నాడో, తల అడ్డంగా ఊపాడో, గాజులోంచి తెలియలేదు.

ఇరవైమంది అయ్యారు. ఇంకో ఇద్దరు కింది అంచునుంచి ఎక్కారు. ముప్ఫై. ఆమె లెక్క తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఆఖరున చీమ మిగిలింది. పెన్సిలు పెట్టెను రెండు చేతులతో గుండెలకు హత్తుకుని వచ్చి, బెంచీ ముందు ఆగింది. ఆ పిల్ల ఒక చెయ్యి పొట్టమీదికి జారడం ఆమె చూసింది. ఆ నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఎలా మెలిపెడుతుందో ఈ భూమ్మీద ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? లేచి దగ్గరికి తీసుకోవాలని కాళ్ళు లాగాయి. డ్రిల్లు మాస్టారు "వెళ్ళమ్మా" అన్నాడు. చీమ వెళ్ళింది.

చాలాసేపు గాజుపలకలో ఏ కదలికా లేదు. చిన్న చెయ్యి ఖాళీ కాగితం పక్కన అలాగే ఉంది. తర్వాత సన్నటి గొంతు.

"సార్, సున్నా ఏ మూలలో పెట్టమంటారు?"

"ఏ మూలేమిటి? గ్రాఫుకు సున్నా ఎక్కడుంటుందో తెలియదా?"

"మా దెయ్యానికి పైన ఉంటుంది సార్. పుస్తకంలో కింద ఉంది. బుధవారం పరీక్ష అయ్యాక భయమేసి పుస్తకం మొత్తం తిరగేశా, మేం చదవకుండా తిప్పేసిన పేజీలో ఉంది. మీ ప్రశ్నలో మాత్రం ఏ మూలో రాయలేదు సార్."

స్కేలు చప్పుడు వస్తుందని ఆమె ఎదురు చూసింది. రాలేదు. కాగితం సర్దుకున్న అలికిడి. ఆయన తన ప్రశ్న తనే మళ్ళీ చదువుకుంటున్నట్టుంది.

"నువ్వేమంటావు?" అని అడిగాడు ఆయన.

పెన్సిలు కదిలింది. ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందినుంచి పైకి. "పైన పెడితే కొండ వేలాడుతుంది సార్. కింద పెడితే నిలబడుతుంది. రెండూ ఒకటే కొండ," అంది చీమ. పొట్టమీద చెయ్యి లేదిప్పుడు, గాజులోంచి రెండు చేతులూ బల్లమీదే కనబడుతున్నాయి.

బయట బెంచీ మీద దెయ్యాల టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. గర్వంతో కొంత, సిగ్గుతో కొంత. తను నవ్వుతూ తిప్పేసిన పేజీని ఆ పిల్ల ఒక్కతే కూర్చుని, తిండి మానేసి, భయపడుతూ వెతుక్కుంది.

హెడ్మాస్టర్ గదిలో స్కేలు మాస్టారు నిలబడే చెప్పాడు. "కాపీ కాదు సార్. ముగ్గురు నిటారుగా వేశారు, ఎవరు చెబితే వేశారో ఆ పేర్లు కూడా చెప్పారు. వాళ్ళిళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాను, నిజమే. ఒకమ్మాయి రెండు రకాలుగానూ వేసి చూపించింది. మిగతా ముప్ఫైమంది విడివిడిగా కూర్చుని కూడా తలకిందులుగానే వేశారు. టీచర్ చెప్పింది నిజం. నిన్న నమ్మనందుకు ఏమీ అనుకోవద్దమ్మా."

"మరి ఆ అయిదు మార్కులు?" అన్నాడు హెడ్మాస్టర్, ఆశగా.

"తప్పు తప్పే. పుస్తకం ప్రకారం సున్నా మార్కులు."

ఇరవై తొమ్మిది, ముప్ఫై ఒకటి. ఆమె సంచిలోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. దానికి పిల్లలు కట్టిన ఒక చిన్న గుడ్డ దెయ్యం వేలాడుతోంది, భర్త దుకాణంలో మిగిలిన తెల్లగుడ్డతో కుట్టింది. దాన్ని విప్పి తీసుకోవచ్చు. విప్పబుద్ధి కాలేదు. ఓడిపోయానన్న బాధ ఉంది గానీ, నిన్న సాయంత్రం ఆ ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఎలా ఉండేదో తలుచుకుంటే ఈ బాధే నయమనిపించింది.

సోమవారం నాడు బి సెక్షన్ తమ పాత గదిలో, నల్లబల్ల ముందు, ముఖాలు మాడ్చుకుని కూర్చుంది. పేపర్లు పంచారు. ఆమె సుద్దముక్క పట్టుకుని అందరి ఎదుటా నిలబడి చెప్పింది. "మీరు వేసింది తప్పు కాదు, నేను చెప్పిందే సగం. రెండో సగం చెప్పకుండా పేజీ తిప్పేశాను. మీ మార్కులు పోవడానికి కారణం నేను. గది పోయిందీ నా వల్లే." తర్వాత నల్లబల్ల మీద పదంతస్తుల మేడ గీసింది. పైనుంచి నాలుగో అంతస్తులో ఒక దెయ్యాన్ని పెట్టింది. "కంప్యూటర్ లేదు, దెయ్యం ఉంది. పుస్తకం వాళ్ళు అట్టడుగు అంతస్తును సున్నా అనుకుని కిందినుంచి లెక్కపెడతారు. వాళ్ళకి ఇది ఎక్కడుందని చెప్పాలి?"

"ఆరు," అన్నారు నలుగురైదుగురు.

"ఎలా?"

చీమ లేచి వచ్చింది. సుద్ద తీసుకుని, నల్లబల్ల మీద చీమంత అక్షరాలతో రాసింది: పదిలోంచి వై తీసేస్తే చాలు. ఆఖరి బెంచీవాళ్ళు కనబడడం లేదని గోల చేస్తే, చెరిపేసి పెద్దగా రాసింది. ఏ అంతస్తు చెప్పినా తరగతి మొత్తం దాన్ని తిరగేసి చెప్పడం మొదలుపెట్టింది, మూడంటే ఏడు, ఎనిమిదంటే రెండు. గోల వరండా దాటింది.

గుమ్మంలో స్కేలు మాస్టారు నిలబడి ఉన్నాడు. తరగతి టక్కున ఆగిపోయింది. ఆయన స్కేలు చంకలో పెట్టుకుని, మడిచిన కాగితం ఒకటి ఆమెకు అందించాడు. వార్షిక పరీక్షకు తయారుచేస్తున్న ప్రశ్నపత్రం. గ్రాఫు ప్రశ్న కింద ఆయన చేతిరాతతో ఒక లైను కొత్తగా చేరింది: సున్నాను ఎడమవైపు కింది మూలలో తీసుకోండి.

"ఇది సరిపోతుందా అమ్మా?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన తన ప్రశ్నపత్రం గురించి ఒక మనిషిని అడగడం అదే మొదలు.

ఆమె కాగితాన్ని చీమకు ఇచ్చింది. చీమ రెండుసార్లు చదివి, భయంభయంగా ఆయన ముఖంలోకి చూసింది.

"సున్నా ఎక్కడో చెప్పారు సార్. అంకెలు ఎటు పెరుగుతాయో చెప్పలేదు."

స్కేలు మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. మొదటి బెంచీ మీద కాగితం పెట్టి, వంగి, ఆ మాట కూడా రాశాడు.